సేవ చేసే చేతులకు ఆసరా ఏదీ?

వృద్ధులకు మతి తప్పితే ‘వయసు మీదపడింది, చాదస్తం’ అని సరిపెట్టుకుంటాం. అన్ని సందర్భాల్లోనూ అది నిజం కాదు. డిమెన్షియా ఒక వ్యాధి. మెదడు కణాలు దెబ్బతిని జ్ఞాపకం, ఆలోచన, మాట క్రమంగా క్షీణిస్తాయి.

భోజనం చేసిన అరగంటకే అన్నం పెట్టలేదని తగవుపడే మామగారిని, అర్ధరాత్రి తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లే తల్లిని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? చాలా ఇళ్లలో కోడలో, కూతురో, భార్యో. ఏళ్ల తరబడి సాగే ఈ సేవలో ఆమెకు కంటి నిండా నిద్ర ఉండదు. ఆస్పత్రిలో మందుల చీటీ మాత్రం రోగి పేరునే రాస్తారు. పక్కన నిలబడిన ఆమెను ‘నువ్వెలా ఉన్నావమ్మా?’ అని అడిగేవారు అరుదు.

అలా అడగడం, విని దారి చూపడం శిక్షణతో అలవడే పని. గోవాలో జరిగిన ఒక అధ్యయనం ఇందుకు నిదర్శనం. దాని ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఇంటర్ చదివి, స్థానిక భాష వచ్చినవారికి వారం రోజులు శిక్షణనిచ్చి డిమెన్షియా రోగుల ఇళ్లకు పంపారు. వారికి అండగా మానసిక వైద్యుడు ఉన్నాడు. 81 కుటుంబాలు పాల్గొన్న ఈ అధ్యయనంలో, ఆరు నెలల పాటు ఆసరా అందిన కుటుంబాల్లో సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది. రోగి ప్రవర్తన వల్ల కలిగే వేదన తగ్గింది.

ఇలాంటి శిక్షణలో నేర్పేవి పెద్ద విద్యలేమీ కావు. ‘ఇందాకే తిన్నారు కదా’ అని వాదిస్తే రోగికి కోపం పెరుగుతుంది. చేతిలో పండుముక్క పెట్టి మాట మార్చాలి. స్నానానికి మొండికేస్తే బలవంతపెట్టకుండా కాసేపాగి మళ్లీ పిలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, భారమంతా ఒక్కరి మీదే పడకుండా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో సంరక్షకుల కోసం ‘ఐసపోర్ట్’ అనే శిక్షణ గ్రంథాన్ని వెలువరించింది.

బీపీ చూడటానికి వచ్చే నర్సుకూ, గడప గడపకూ తిరిగే ఆశా కార్యకర్తకూ ఈ మెలకువలు నేర్పితే ఎన్నో కుటుంబాలు తెరిపిన పడతాయి. ప్రభుత్వాలు ఈ దిశగా ఆలోచించాలి. అంతవరకు మనం చేయగలిగిందీ ఉంది. కన్నవారి సేవ కోడలి పని మాత్రమే కాదు. వారానికి ఒక్క రాత్రయినా కొడుకు మేలుకుంటే ఆమె కంటికి కునుకు దక్కుతుంది.