భాస్వరం విప్పిన గుట్టు, బోదకాలుకు దొరికిన మందు

ఎమ్మారై యంత్రం గుండె కండరంలో శక్తి నిల్వను లెక్కగడుతోంది. కోనసీమలో ఆశా కార్యకర్త ఇంటింటికీ డీఈసీ మాత్ర అందిస్తోంది. ఈ రెండింటి వెనుకా ఉన్నది ఒక్కరే: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

రాత్రిపూట రక్తపరీక్ష

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో బోదకాలును చూడని పెద్దలు అరుదు. మురుగు నిలిచే చోట క్యూలెక్స్ దోమ పెరుగుతుంది, మనిషి నుంచి మనిషికి బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులను మోస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. వాటి పిల్లలు రాత్రిపూటే ఎక్కువగా రక్తంలోకి వస్తాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది కూడా రక్త నమూనాలకు రాత్రిళ్లే వస్తారు.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఈ జబ్బు సోకింది. మందు కోసం వెతుకులాట ఊపందుకుంది. అమెరికా మందుల సంస్థ లెడర్లీ ప్రయోగశాలల్లో సుబ్బారావు నడిపించిన బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్‌ను వెలికితీసింది. మన ఊళ్లలో పంచే డీఈసీ అదే.

ఆలస్యంగా వచ్చిన రంగు

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. ఇద్దరు సోదరులను పేగులకు వచ్చే స్ప్రూ వ్యాధి బలితీసుకుంది. మద్రాసులో వైద్యం చదివి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో, మామగారు సమకూర్చిన సొమ్ముతో అమెరికాలోని బోస్టన్ చేరారు. అక్కడ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రి కొలువు చేశారు.

హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని రంగు చిక్కదనంతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అదే పద్ధతిని కండరం మీద ప్రయోగిస్తే నీలిరంగు ఒక్కసారిగా రాకుండా నెమ్మదిగా చిక్కబడింది. ఇంకొకరైతే పరీక్షలో లోపమనుకుని వదిలేసేవారు. వీళ్లు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో ఇట్టే విడిపోయే భాస్వర పదార్థం ఏదో కండరంలో ఉందని తేల్చారు. 1927లో బయటపడిన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీనీ వేరుచేశారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న అప్పటి సిద్ధాంతం దీంతో నిలవలేకపోయింది. జీవకణం ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ అయితే, అత్యవసరానికి దాచుకున్న నిల్వ ఫాస్ఫోక్రియాటిన్.

కోత లేకుండా కొలత

సుబ్బారావు కండరాన్ని బయటికి తీసి, నూరి కొలవాల్సి వచ్చింది. 1974లో ఆక్స్‌ఫర్డ్‌లో జార్జ్ రడ్డా బృందం ఎలుక కండరాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉంచి, భాస్వర పరమాణువుల సంకేతాలను నేరుగా విన్నది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ గ్రాఫులో వేర్వేరు శిఖరాలుగా కనబడ్డాయి. ఇప్పుడు ఇదే సూత్రంతో మనిషి గుండెలో ఆ రెండింటి నిష్పత్తిని కోత లేకుండా తెలుసుకోవచ్చు. గుండె వైఫల్యంలో ఆ నిష్పత్తి పడిపోతుంది.

ఆయన మందుకూ యంత్రం సాక్ష్యం దొరికింది. 1994లో బ్రెజిల్ పరిశోధకులు శోషరస నాళాల్లో మెలికలు తిరిగే బతికున్న పురుగులను అల్ట్రాసౌండ్ తెరపై చూపించారు. డీఈసీకి కొన్ని పెద్ద పురుగులు చచ్చాయనీ, కొన్ని తట్టుకున్నాయనీ ఆ తెర మీదే తేలింది. ఒక్క ఏడాది మింగి ఊరుకుంటే చాలదని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

మన వంతు

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందుతో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తక్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా అణచినట్టు లోకానికి తెలిసింది ఆ ఏడాదే. నోబెల్ ఆయనకు రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

బిళ్లలతో, విగ్రహాలతో ఆయన రుణం తీరదు. 2004 నుంచి మన దేశంలో సామూహికంగా పంచుతున్న డీఈసీ మాత్రను చాలామంది తీసుకుని అల్మారాలో పడేస్తున్నారు. జబ్బు లేనప్పుడు మందెందుకన్నది వాళ్ల ప్రశ్న. ఒంట్లో పురుగు పిల్లలున్నా ఏళ్ల తరబడి కాలు వాయకపోవచ్చు. వాచి ముదిరిన కాలును ఏ మాత్రా మామూలు చేయలేదు. అందుకే రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర రోగులు తప్ప అందరూ అన్నం తిన్నాక, కార్యకర్త ఎదుటే మింగాలి. కోనసీమ బడుల్లో పిల్లలకు ఈ మాత్ర కథ, ఆలస్యంగా వచ్చిన ఆ నీలిరంగు కథ రెండూ చెప్పాలి. అనుకోని ఫలితాన్ని తప్పని కొట్టేయకుండా ఎందుకని అడిగే పిల్లలే రేపటి మందులు కనిపెడతారు.