దీపానికి నెయ్యి, పుస్తకానికి రాత



ఆమదాలవలసకు ఉత్తరాన, వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగం నేడొక గ్రామం. తూర్పు గాంగరాజుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెబుతారు. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుని ఏలుబడిలోనే, 12వ శతాబ్దంలో, రాజధాని కటకానికి తరలిపోయింది. మధుకేశ్వరాలయమూ, శాసనాలూ మిగిలాయి.

ఆ శాసనాలలో పెక్కు అఖండదీపాలకు ఇచ్చిన దానాలను తెలుపుతాయి. దీపానికి నెయ్యి కావాలి, నెయ్యికి పాడి కావాలి. ఆ కాలంలో ఆంధ్రదేశపు గుళ్ళలో దాత ఇచ్చిన ఆవులనో గొర్రెలనో కాపరులకు అప్పగించేవారు. బదులుగా వారు రోజూ మానెడు నెయ్యి పోయాలి. దాత ఎవరు, కాపరి ఎవరు, పశువులెన్ని, నెయ్యి ఎంత అన్నది రాతిమీద చెక్కించేవారు.

సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు మేము చూసేవీ ఇవే: పాలు పోసిందెవరు, ఎన్ని లీటర్లు, వెన్నశాతం ఎంత, సొమ్మెంత. "కార్యదర్శి మనవాడే కదా, రాత ఎందుకు?" అనే సభ్యులూ మాకు కనిపిస్తుంటారు. నమ్మకం మంచిదే. కాని కార్యదర్శి మారిన రోజున, బాకీ తేలని రోజున, మీ పక్షాన మాట్లాడేది రాత ఒక్కటే.

రాజధాని తరలిపోయినా దీపపు లెక్క నిలిచింది. కావున పాలు పోసిన పూటే మీ పుస్తకంలో లెక్క వేయించుకోండి. చదువు రానివారు ఇంట్లో చదువుకునే పిల్లలచేత చదివించుకోండి.