ఆ బటన్‌కో పేరు పెట్టండి!

కరెంటు బిల్లు కట్టాలన్నా రైలు టికెట్టు తీయాలన్నా ఇప్పుడు చాలామంది చూసేది ఇంటర్నెట్ వైపే. మరి, చూపులేనివారి సంగతి? వాళ్లకోసం 'స్క్రీన్ రీడర్' అనే సాఫ్ట్‌వేర్ ఉంది. తెరమీది అక్షరాల్ని అది పైకి చదివి వినిపిస్తుంది. మౌస్‌తో పనిలేదు, అంతా కీబోర్డుతోనే. అలాంటిదే ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెడితే, జేమ్స్ టే తోడయ్యారు. ఇద్దరూ అంధులే. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

చిక్కల్లా వెబ్‌సైట్లతోనే. బొమ్మలా ఉండే బటన్‌కి లోపల పేరు రాయకపోతే స్క్రీన్ రీడర్ 'బటన్' అని ఊరుకుంటుంది. అది డబ్బు కట్టేదో, రద్దు చేసేదో వినేవాళ్లకెలా తెలుస్తుంది?

ఒలింపిక్స్ మీదే గెలిచారు

సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైట్లో బొమ్మలకు వివరణలు లేవనీ ఫలితాల పట్టికలు తనకు అందడం లేదనీ బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు 1999లో ఫిర్యాదు చేశారు. మార్చాలంటే ఏడాదికి పైనే పడుతుందన్నారు నిర్వాహకులు. నాలుగు వారాలు చాలన్నారు నిపుణులు. ఆస్ట్రేలియా మానవహక్కుల కమిషన్ మాగ్వైర్ పక్షాన తీర్పిచ్చింది. గడువులోగా పూర్తిగా సరిచేయనందుకు 2000లో ఆయనకు 20 వేల ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం ప్రకటించింది.

చిన్న మార్పులే...

వెబ్ ప్రమాణాల్ని రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 1999లోనే ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. బొమ్మకు వివరణ రాయాలి. వినపడనివారికోసం వీడియోలో మాటల్ని అక్షరాల్లో చూపాలి. చేతులు వణికేవారికి మౌస్ లేకుండానే పని జరగాలి. రంగులు పోల్చుకోలేనివారు ఉంటారు కాబట్టి 'ఎర్ర గడులు నింపండి' అని ఊరుకోకుండా గడి పేరూ చెప్పాలి. అక్షరం, వెనకరంగు స్పష్టంగా వేరుగా ఉంటే ఇంట్లో తాతయ్యకీ హాయే.

2011 జనాభా లెక్కల ప్రకారం మనదేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది. బ్యాంకు ఖాతాకి ఆన్‌లైన్లో కేవైసీ చేయాలంటే కెమెరా ముందు కళ్లార్పమంటారు. యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు, అంధులు ఏం చేయాలి? ఆ ప్రశ్నతోనే బాధితులు సుప్రీంకోర్టుకెళ్లారు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంటూ 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పిచ్చింది. కేవైసీ పద్ధతుల్ని అందరికీ వీలుగా మార్చాలని ఆదేశించింది.

మీ దుకాణానికో స్కూలుకో వెబ్‌సైట్ ఉందా? మౌస్ పక్కనపెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే ఓసారి మొత్తం తిరిగి చూడండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మార్పు మొదలుపెట్టొచ్చు.