వ్యాఖ్యాత చేతి మైకు ఎవరి పక్షం?

2020 జూలై 8. సౌతాంప్టన్‌లో ఇంగ్లండ్, వెస్టిండీస్ తొలి టెస్టుకు వాన అడ్డుపడింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో మరణించి అప్పటికి ఆరు వారాలు. పిచ్ గురించో, మబ్బుల గురించో మాట్లాడి కాలం గడపవలసిన ఆ వేళ, వ్యాఖ్యాత మైకేల్ హోల్డింగ్ జాతి వివక్ష గురించి మాట్లాడారు.

1954లో జమైకాలో పుట్టిన హోల్డింగ్ 60 టెస్టుల్లో 249 వికెట్లు తీసిన ఫాస్ట్ బౌలర్. 1976లో ఇంగ్లండ్ సారథి, దక్షిణాఫ్రికాలో పుట్టిన శ్వేతజాతీయుడు టోనీ గ్రేగ్, వెస్టిండీస్ జట్టును తమ ముందు సాగిలపడేలా చేస్తామన్నారు. బానిసల సంతతికి ఆ మాట క్రీడాభాషగా వినిపించలేదు. బౌలర్లకు ఏమాత్రం సహకరించని ఓవల్ పిచ్‌పై హోల్డింగ్ 149 పరుగులిచ్చి 14 వికెట్లు పడగొట్టారు. రెండు ఇన్నింగ్స్‌లోనూ గ్రేగ్‌ను బౌల్డ్ చేశారు.

బంతితో ఇచ్చిన ఆ జవాబు స్కోరుబోర్డుపై నిలిచింది. వివక్ష మాత్రం అలాగే ఉండిపోయింది. 1987లో టెస్టుల నుంచి తప్పుకున్న హోల్డింగ్ టెలివిజన్ వ్యాఖ్యాతగా స్థిరపడ్డారు. మూడు దశాబ్దాల తర్వాత సౌతాంప్టన్‌లో ఆయన మాట్లాడింది చదువు గురించి. విద్యుద్దీపం అనగానే ఎడిసన్ పేరు చెప్పే బడి, అందులోని కర్బన తంతువు తయారీని మెరుగుపరచిన నల్లజాతీయుడు లూయిస్ లాటిమర్ పేరు ఎందుకు చెప్పదని అడిగారు. చరిత్రను గెలిచినవారే రాసుకున్నారన్నది ఆయన వాదన. ఆ తర్వాత మరో సంభాషణలో తల్లిదండ్రులను తలచుకొని కన్నీరు పెట్టుకున్నారు. తండ్రి మరీ నల్లగా ఉన్నాడని తల్లి పుట్టింటివారే ఆమెతో మాట్లాడటం మానేశారట. అణచివేతకు గురైనవారిలోనూ మెట్లు కట్టి ఒకరిని మరొకరి కింద నిలబెట్టే ఈ తీరు మనకు కొత్తదేమీ కాదు. అంబేడ్కర్ దాన్నే అంచెల అసమానత అన్నారు.

మన క్రికెట్‌కూ ఇటువంటి చరిత్ర ఉంది. దళితుడైన పల్వంకర్ బాలూ పుణేలో తెల్లవారి క్లబ్బు మైదానాన్ని చదును చేస్తూ, వారికి బంతులు వేస్తూ స్పిన్నరుగా ఎదిగారు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో నూరుకు పైగా వికెట్లు తీశారు. కానీ సొంత జట్టువారే ఆయనకు పెవిలియన్ వెలుపల మట్టి పాత్రలో టీ ఇచ్చారు. హిందూ జట్టు సారథ్యాన్ని నిరాకరించారు. అది 1923లో గానీ ఆయన తమ్ముడు విఠల్‌కు దక్కలేదు. లాటిమర్ పేరు చెప్పని బడికీ, బాలూ పేరు చెప్పని మన బడికీ తేడా ఏమిటి?

మాజీ క్రీడాకారుడికి వ్యాఖ్యాన పీఠం కేవలం మలి ఉద్యోగం కాదు. ఏది ప్రతిభ, ఎవరు చిరస్మరణీయులు అన్నది కోట్ల చెవులకు చేరేది అక్కడి నుంచే. మన ప్రసారాలలో సాంకేతిక విశ్లేషణకు కొదవలేదు. ఏయే ఇళ్ల నుంచి, ఏయే వాడల నుంచి పిల్లలు మైదానం దాకా రాగలుగుతున్నారన్న విశ్లేషణకు మాత్రం వాన పడిన రోజున కూడా తీరిక దొరకదు. కులం ఆటలోకి రాదని అంటారు. బాలూ విషయంలో అది టీ పాత్ర దాకా వచ్చింది.

వివక్ష ఎదురైన ప్రతిసారీ 'నేను మా దేశానికి వెళ్లిపోతాను కదా' అని తనకు తాను సర్దిచెప్పుకున్నానని హోల్డింగ్ అంగీకరించారు. ఆయనకు తిరిగి వెళ్లడానికి జమైకా ఉంది. బాలూకు అవమానం జరిగింది సొంత దేశంలోనే. అందుకే మనకు ఆ సర్దుబాటు కూడా లేదు.