రెండు టర్బోలు తీసి ఒకటి పెడితే

కొలిమిలో తిత్తి ఊదితే నిప్పు ఎట్లా రాజుకుంటదో మనకు తెలుసు కదా. కారు ఇంజనుకు అలాంటి తిత్తే టర్బో. దాని గురించి రాస్తున్నాను.

ఇంజను నుండి బయటికి పోయే వేడి పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకున్న రెండో చక్రం గాలిని నొక్కి ఇంజనులోకి పంపుతుంది.

జపాన్‌లో 1993 నుండి 2002 వరకు అమ్మిన టయోటా సుప్రా టర్బో కారుకు 3 లీటర్ల ఇంజను, 6 సిలిండర్లు, 2 టర్బోలు. నెమ్మదిగా పోయేటప్పుడు ఒకటే ఊదుతుంది. ఇంజను నిమిషానికి సుమారు 4,000 చుట్లు తిరిగేసరికి రెండోది కలుస్తుంది.

కొందరు ఆ రెండూ తీసేసి ఒక పెద్ద టర్బో బిగిస్తారు. పెద్దది ఎక్కువ గాలి ఇస్తుంది, గొట్టాల చిక్కు కూడా తగ్గుతుంది. కానీ పెద్ద చక్రం బరువు. అది తిరగాలంటే పొగ ఎక్కువ కావాలి. అందుకని మొదట్లో కారు వెంటనే లాగదు. దీన్నే టర్బో లాగ్ అంటారు.

పొగ గొట్టాలు, ఆయిల్ పైపులు కూడా మార్చాలి. గాలి పెరిగినప్పుడు పెట్రోలూ పెరగాలి. అందుకు పెద్ద ఇంజెక్టర్లు, పెద్ద పంపు పెట్టి, ఇంజను కంప్యూటర్‌ను సరిచేయాలి. పెట్రోలు చాలకపోతే వేడి మించిపోయి పిస్టన్లే కరిగిపోతాయి!

నన్నడిగితే, పందెంలో పరుగెత్తే కారుకు ఒక పెద్దది మంచిది. ఘాట్ రోడ్డు ఎక్కే కారుకు రెండు చిన్నవే మేలు.