ఎండుచేపల మీద నీలం పురుగు: కాళ్ళు చూడండి!

ఇప్పుడు నేను వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో, ఎండుచేపలు అమ్మే ఒక అక్క దగ్గర ఉన్నాను. ఈ నెత్తళ్ళ కుప్ప మీద మెరుస్తోందే, నీలం పురుగు... జూమ్ చేస్తున్నా, చూడండి. "దీనికి మందు కొట్టమంటావా బాబూ?" అని అడుగుతోంది అక్క. వద్దక్కా, తినే చేప అది! ముందు ఇదేంటో చూద్దాం.

సైజు 4 నుంచి 7 మిల్లీమీటర్లు. రంగు చూసి ఆగిపోకండి, కాళ్ళు చూడండి. ఎర్రగా ఉన్నాయా? అయితే నెక్రోబియా రూఫిపెస్. ఆ పేరుకి అర్థమే ఎర్రకాళ్ళది. కాళ్ళు కూడా ముదురు రంగైతే వయొలేసియా. తల వెనక భాగం ఎర్రగా ఉంటే రూఫికోలిస్. ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో బోర్డో జైల్లో ఉన్న లాత్రెయి అనే శాస్త్రవేత్త, తన గదిలో ఈ రూఫికోలిస్‌నే గుర్తుపట్టి, దాని పుణ్యమా అని బయటపడ్డాడట!

చచ్చి ఎండిన జంతువుల మీద కూడా ఇవి వాల్తాయి. మన నీలంది చేపని తింటుంది, నిజమే. కానీ ఈగల పిల్లపురుగుల్ని కూడా తింటుంది. చేపని తొలిచి పొడి చేసేది ఎక్కువగా డెర్మెస్టెస్. పైన నలుపు, పొట్ట తెలుపు, పిల్లపురుగుకి ఒళ్ళంతా వెంట్రుకలు. మెరవదు కదా, ఎవరికీ కనపడదు! ఉప్పు సరిగ్గా పట్టని చేపంటే దానికి పండగే.

అందుకే అక్కా, కుప్పని అడుగు దాకా తిరగెయ్యి. వెంట్రుకల పురుగు కనిపిస్తే ఆ చేపలు వేరు చేసి, మిగతావి మళ్ళీ ఎండలో పొయ్యి.

మీకు ఇలాంటిది దొరికితే రెండు ఫొటోలు తీయండి: పైనుంచి ఒకటి, వెల్లకిలా తిప్పి ఒకటి.