ప్రభుత్వ పాలనాశాస్త్రం: సైన్సు విద్యార్థికి ఎందుకు?

సావనీరుకు ఏదైనా వ్రాయమని యూనియన్ మిత్రులు అడిగినపుడు, "నువ్వు కెమిస్ట్రీ మీదే వ్రాస్తావులే" అన్నారు. నేను వ్రాయబోయేది కెమిస్ట్రీతో మొదలై వేరే దారి పట్టిన సంగతి. బి.యస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉన్న నేను, పై చదువుకు యం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, అంటే ప్రభుత్వ పాలనాశాస్త్రం, తీసుకోవాలనుకుంటున్నాను. విన్న ప్రతివారూ "అదేం చదువు? సైన్సుకూ దానికీ ఏమిటి సంబంధం?" అంటున్నారు. మా నాయన కూడా అదే అడిగాడు. అందరికీ కలిపి ఇక్కడ జవాబు చెప్పుకుంటాను.

మాది కనిగిరి దగ్గర ఒక పల్లె. కంది, సజ్జ, కొద్దిగా పొగాకు వేసే మెట్టసేద్యం. మా నీళ్ళలో ఫ్లోరైడు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఇది నిన్న మొన్నటిది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును గూర్చి వైద్యులు వ్రాశారు. కనిగిరి ఆనాడు ఆ జిల్లాలోనిదే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినపుడు ఇటు వచ్చింది. మా జేజి నడుము వంగిపోయి గోడ పట్టుకుని నడుస్తుంది. మా నాయనకు యాభై దాటలేదు, అప్పుడే మోకాళ్ళు ముడుచుకోవు.

నిరుడు వేసవిలో ఒక ఫీల్డు కిట్టు సంపాదించి మా ఊరి బోరునీళ్ళు పరీక్ష చేశాను. జిర్కోనియం–అలిజరిన్ ద్రావణం ఎరుపు విడిచి పసుపు వైపు తిరిగింది. కిట్టుతో వచ్చిన రంగులతో పోల్చిచూస్తే లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 1.5 మాత్రమే. ఇంతవరకు కెమిస్ట్రీ చెప్పింది. విరుగుడు కూడా కెమిస్ట్రీయే చెప్పింది. నాగపూరులోని 'నీరి' సంస్థవారు 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం చాలు. ఆ రెండూ కనిగిరి బజారులో దొరికే వస్తువులే.

కాని మా ఊళ్ళో ఫ్లోరైడు తీసే ప్లాంటు అంతకుముందే ఒకటి ఉంది. దానికి తాళం వేసి ఉంది! ఎందుకని కనుక్కుందామని బయలుదేరాను. నడిపే మనిషి ఐదు నెలలుగా జీతం లేదన్నాడు. పంచాయతీలో అడిగితే కరెంటు బిల్లుకే డబ్బు చాలడం లేదన్నారు. ఇంకొక ఆఫీసుకు పోతే, ప్లాంటును పంచాయతీకి అప్పగించేశాము, కాయితాలున్నాయి అన్నారు. అక్కడినుంచి మరొక చోటికి పొమ్మన్నారు. అక్కడ, మరమ్మతుకు అంచనా వేసి పంపాము, పైనుంచి మంజూరు రావాలి అన్నారు. ఆ నాలుగు చోట్లా నాతో ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కూడా లేదు. నలుగురి మాటా నిజమే, తాళం మాత్రం తాళంగానే ఉంది.

ఆ రోజు నాకు తట్టిన ప్రశ్న ఇది. సైన్సు తెలిసీ, వస్తువులు దొరికీ, మనుషులు ఉండీ పని జరగకపోతే, ఆ జరగకపోవడాన్ని చదివే శాస్త్రం ఏదైనా ఉందా? ఉంది. దాని పేరే ప్రభుత్వ పాలనాశాస్త్రం.

ఈ శాస్త్రానికి 1887ను పుట్టిన సంవత్సరంగా చెబుతారు. ఆ ఏడు వుడ్రో విల్సన్ అనే అమెరికా అధ్యాపకుడు పరిపాలనను ప్రత్యేకంగా అధ్యయనం చెయ్యాలని ఒక వ్యాసం వ్రాశాడు. తరువాత ఆయనే ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. రాజ్యాంగం వ్రాసుకోవడం కంటె దానిని నడపడం కష్టమవుతున్నదన్నది ఆయన వాదంలో ముఖ్యమైన మాట. మన దేశంలో ఈ చదువుకు ఊతంగా 1954లో ఢిల్లీలో భారత ప్రభుత్వ పాలనా సంస్థ ఏర్పడింది.

యం.ఏ.లో ఏం చెబుతారని మీరడగవచ్చు. ఒక పేపరులో సిద్ధాంతాలు: అధికారగణం ఎలా పనిచేస్తుందో చెప్పిన మాక్స్ వెబరు, మనిషి తీసుకునే నిర్ణయాలకు ఉన్న హద్దులను చూపిన హెర్బర్ట్ సైమన్ వంటి వారు. వీరిని గూర్చి మన తెలుగు ఆచార్యులు రవీంద్రప్రసాద్, వి.యస్. ప్రసాద్, సత్యనారాయణ గార్లు సంపాదకులుగా తెచ్చిన 'అడ్మినిస్ట్రేటివ్ థింకర్స్' పుస్తకం విద్యార్థులకు బాగా పరిచయమైనదే. తక్కిన పేపర్లలో బడ్జెటు, ఆడిట్, ఉద్యోగుల నియామకం, స్థానిక స్వపరిపాలన, అభివృద్ధి పాలన, పరిశోధన పద్ధతులు ఉంటాయి.

ఫిజిక్సు మిత్రులకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. ఫ్రెడ్ రిగ్స్ అనే ఆచార్యుడు 1964లో వర్ధమాన దేశాల పాలనను పట్టకంతో పోల్చాడు. పట్టకంలోకి పోయే కాంతి తెల్లగా కలిసి ఉంటుంది. బయటకు వచ్చేది రంగులుగా విడిపోతుంది. పాతకాలపు సమాజంలో పనులన్నీ ఒకచోటే కలిసి ఉంటాయనీ, బాగా ఎదిగిన సమాజంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంస్థ ఏర్పడుతుందనీ, మన వంటి దేశాలు పట్టకం లోపల, అంటే ఆ రెంటికీ మధ్య ఉన్నాయనీ ఆయన అన్నాడు. అక్కడ కాయితం మీది నియమానికీ, జరిగే పనికీ నడుమ దూరం ఎక్కువ. మా ఊరి ప్లాంటు కాయితం మీద నడుస్తూనే ఉంది గదా!

ఇక మన రాష్ట్రం సంగతి చూడండి. 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1993లో అమలైన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలున్నాయి, వాటిలో తాగునీరు ఒకటి. 2019లో గ్రామ సచివాలయాలు, 2022లో కనిగిరికి రెవెన్యూ డివిజను వచ్చాయి. ఆఫీసు మనకు దగ్గరవుతూ వచ్చిందన్నమాట. మా తాత అర్జీ పట్టుకుని ఎద్దులబండి మీద పోయిన పనికి నేను నడిచి పోగలను. అయితే ఆఫీసు దగ్గర కావడం వేరు, పనికీ డబ్బుకూ బాధ్యత ఒక్కచోట ఉండడం వేరు. బాధ్యత ఒకరిదీ, డబ్బు మరొకరిదీ అయితే తాళం పడుతుంది.

పెద్ద పనులకూ ఇదే లెక్క. మన పశ్చిమ ప్రాంతపు ఆశ అయిన వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండల కింద తవ్విన సొరంగాలు ఒకటి 2021లో, రెండవది 2024లో పూర్తయ్యాయి. కొండ తొలవడం ఇంజనీర్ల పని. కాని భూసేకరణ, ఏటేటా నిధులు, మునిగే ఊళ్ళవారి పునరావాసం పాలన పనులు. ఇవి వెనకబడితే సొరంగం ఉండీ పొలానికి నీరు రాదు.

ఈ చదువుకు ఏ డిగ్రీ అయినా చాలు, బి.యస్సీ. వారూ చేరవచ్చు. ఉస్మానియాలో ఇది ప్రత్యేక శాఖగా ఉంది. ఆంధ్ర, నాగార్జున, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాలలో రాజనీతిశాస్త్రంతో కలిపి చెబుతారు. ఇంటిపట్టున సేద్యం చూసుకుంటూ చదవాలంటే ఇగ్నో ఉంది. ఒకమాట మాత్రం నిజం చెప్పాలి. ఈ డిగ్రీ కలెక్టరు ఉద్యోగానికి టిక్కెట్టు కాదు. సివిల్సు, గ్రూపు పరీక్షలు ఏ పట్టభద్రుడైనా వ్రాయవచ్చు. సివిల్సులో ఇది ఒక ఐచ్ఛిక విషయం కాబట్టి కొంత మేలు, అంతే. ఉద్యోగం రాకపోతే రెండేళ్ళూ, ఇంట్లో డబ్బూ పోయినట్టే గదా అన్న భయం నాకూ ఉంది. మా చెల్లెలు ఇంటరుకు వచ్చింది.

ఇదంతా ఒక రాత్రి మా నాయనకు చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన బాయికి నలుగురన్నదమ్ములకూ వంతులున్నయ్ గదరా. వంతు తప్పితే బాయిలో నీళ్ళుండీ పైరెండుద్ది. నువ్వు చదువుతానంటుంది ఆ వంతుల చదువేనా?" అన్నాడు. అవునన్నాను. ఇంతకంటె బాగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

"సరే, ముందు బి.యస్సీ. గట్టెక్కు" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో ఇంకా తెలియదు.

మిత్రులారా! ఈ సెలవులకు ఊరికి పోయినపుడు మీ ఊళ్ళో తాళం పడిన పని ఒకటి చూడండి. అది ఎవరి బాధ్యతో, డబ్బు ఎక్కడినుంచి రావాలో, కాయితం ఎక్కడ ఆగిందో కనుక్కోండి. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. నేను మా ప్లాంటు గురించి పెట్టాను. జవాబు కోసం చూస్తున్నాను.